ఆరోగ్యవంతుల జట్టులో ఆవిడ

జూన్ 2, సోమవారం

ఈ డైరీ శాస్త్రం కోసం. మా పరిశోధనకు వచ్చేవాళ్ళందరికీ "రోజూ మీ మనసెలా ఉందో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి" అని చెబుతూ ఉంటాను. ఇవాళ ఒక పెద్దమనిషి, "మీరు రాస్తారా మేడమ్?" అని అడిగాడు. రాస్తానన్నాను. ఆ మాట అబద్ధం కాకూడదని ఇంటికొచ్చే దారిలో ఈ పుస్తకం కొన్నాను.

నా మనసు: బాగుంది.

జూన్ 3

బాగుంది.

జూన్ 5, గురువారం

నాలుగు ముక్కలన్నాను కాబట్టి రాయాలి.

మనిషి ఏ పనీ చేయకుండా పడుకున్నా మెదడు మాత్రం ఊరుకోదు. ఇరుగు పొరుగు అమ్మలక్కల్లా ఈ భాగం ఆ భాగంతో, ఆ భాగం ఇంకో భాగంతో మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఎవరితో ఎవరికి ఎంత స్నేహమో ఎమ్మారై మిషన్‌లో చూసి లెక్కగట్టడమే నా పని. దిగులు జబ్బు ఉన్నవాళ్ళలో, తన గురించి తానే తలపోసుకునే భాగాలు మరీ ఎక్కువగా గుసగుసలాడుకుంటాయని నా అనుమానం. అనుమానం రుజువైతే ఇంకొన్నాళ్ళు మిషన్ మాకు ఇస్తారు. లేకపోతే మోకాళ్ళాయనకు ఇచ్చేస్తారు. ఆయన ఆటగాళ్ళ మోకాళ్ళు చూసే డాక్టరు. మా మిషన్ మీద ఆయన కన్ను ఎప్పటినుంచో ఉంది.

దిగులు జబ్బు ఉన్నవాళ్ళు కావలసినంత మంది వచ్చారు. పాపం, చెప్పిన సమయానికి వస్తారు, కదలకుండా పడుకుంటారు, వెళ్తూ వెళ్తూ కుర్చీ సర్ది మరీ వెళ్తారు. దొరకనిది ఆరోగ్యవంతులే. పక్కన పెట్టి పోల్చడానికి ఏ దిగులూ లేని మామూలు మనుషుల జట్టు ఒకటి కావాలి. మామూలు మనుషులు ఇంత అరుదని ఈ పని మొదలుపెట్టాకే తెలిసింది. నిన్న వచ్చినతను ఎంతో హుషారుగా ఉన్నాడు. మిషన్ సొరంగంలోకి తల పెట్టగానే "అమ్మో!" అని కేకేసి సాక్సులతోనే బస్టాపు దాకా పరిగెత్తాడు. ఇవాళ వచ్చినావిడ "నాకసలు దిగులంటేనే తెలీదండీ" అని మొదలుపెట్టి, తోడికోడలి సంగతులు చెబుతూ చెబుతూ నా చేతిరుమాలు తడిపేసింది.

పోనీ ఇంట్లోవాళ్ళని పడుకోబెడదామంటే, మా ఆయన పళ్ళ డాక్టరు. ఆయన నోట్లో ఉన్నన్ని మరమ్మతులు ఊళ్ళో ఇంకెవరి నోట్లోనూ లేవు. దవడ నిండా లోహపు మరలు. మిషన్ అంటే పెద్ద అయస్కాంతం. లోహం ఉన్నవాళ్ళకు ప్రవేశం లేదు. ఇక అత్తయ్యకేమో మోకాలు మొత్తం లోహమే.

"అంటే నా మెదడు పనికిరాదంటావ్," అంది అత్తయ్య.

"మెదడు కాదత్తయ్యా, మోకాలు."

"జీవితమంతా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసినదాన్ని. ఎవడు కొన్నాడో ఎవడు కొనలేదో మొహం చూసి చెప్పేదాన్ని. ఇలాంటి మెదడు నీకు మళ్ళీ దొరుకుతుందా?"

"దొరకదు."

"మరైతే తల లోపల పెట్టించు, మోకాలు బయట ఉంచు."

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటారు కదా, అది మా ఇంట్లో మాటవరసకు అనే సామెత కాదు.

జూన్ 10, మంగళవారం

పొద్దున రావలసిన ఆరోగ్యవంతురాలు రాలేదు. తలుపు దగ్గర అప్పటికే మోకాళ్ళాయన ఒక ఫుట్‌బాల్ ఆటగాడిని కుంటించుకుంటూ తెచ్చి నిలబెట్టాడు.

"ఖాళీయేనా మేడమ్? మేం దూరిపోవచ్చా?"

ఒళ్ళు మండింది. "ఖాళీ ఏం లేదు. మా మనిషి లోపలుంది," అని తలుపేసి, గాజులూ వాచీ తీసేసి నేనే పడుకున్నాను.

మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి మాత్రమే. నోరు విప్పొద్దని ఆపరేటరుకి చెప్పాను. ఆయనకు నోరు విప్పే అలవాటే లేదు. మేం పేర్లు రాయం, ఒక్కొక్కరికీ ఒక అంకె ఇస్తాం. నాకూ ఒకటిచ్చాడు. ఎవరొచ్చినా అడిగే ప్రశ్నలకి నేనూ జవాబులిచ్చాను. నిద్ర పడుతోందా? పడుతోంది. దేనిమీదైనా ఆసక్తి తగ్గిందా? తగ్గలేదు. ఊరికే ఏడుపొస్తోందా? రావట్లేదు. ఫోన్ నంబరు దగ్గర అత్తయ్యది ఇచ్చాను. నాది ఇస్తే దొరికిపోతాను కదా. దొరికిపోవడానికి ఇందులో ఏముంది గనక!

లోపల హాయిగా ఉంది. టకటక, గరగర, ఎవరో ఇల్లు కూలగొడుతున్నంత చప్పుడు. కానీ నన్నెవరూ ఏమీ అడగరు. అయిపోయిందని ఆపరేటరు చెప్పాక కూడా "ఇంకాసేపు ఉంటాను" అన్నాను. ఆయన మొదటిసారి నోరు విప్పి "ఎందుకు?" అన్నాడు.

జూన్ 11

నిద్ర బాగా పట్టింది. తెల్లారేముందు పక్షులు ఒక్కొక్కటే లేవడం మొదటినుంచీ విన్నాను.

జూన్ 14, శనివారం

పొద్దున కాఫీ దగ్గర మా ఆయన నా మొహం మీద లైటు వేసి "నోరు తెరువు" అన్నాడు. పెళ్ళైన కొత్తలో ఇదేదో సరసమనుకునేదాన్ని.

"నిద్రలో పళ్ళు నూరుతున్నావు. ఈ పక్క రెండూ అరిగిపోయాయి చూడు."

"నేను నూరను."

"రాత్రంతా పక్కన పిండిమర ఆడుతున్నట్టుంది. పొరపాటున వేలు పెట్టినా పోతుందని చేతులు దుప్పట్లో పెట్టుకుంటున్నా."

నిద్రపోకుండా పళ్ళెలా నూరుతాను? అదే అందామనుకుని ఆగిపోయాను. నిద్ర బాగానే పడుతోంది కదా.

ఫోన్ కనబడలేదు. సాయంత్రం ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దొరికింది. అత్తయ్యే పెట్టుంటుంది.

టీవీలో పరుపుల ప్రకటన వచ్చింది. ఒక ముసలాయన కొత్త పరుపు మీద కూర్చుని ముసలావిడని రమ్మని పిలుస్తాడు, అంతే. నా కంట్లో దుమ్ము పడింది. ఈ ఇంట్లో దుమ్ము ఎక్కువైంది.

జూన్ 18

పని నుంచి వచ్చాక కాసేపు కారులోనే కూర్చున్నాను. రేడియోలో మంచి పాట వస్తోంది.

జూన్ 19

రేడియో బాగు చేయించాలి. పోయిన చలికాలంలో చెడిపోయింది.

జూన్ 24, మంగళవారం

నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయికి ఒక అలవాటుంది. చెడ్డ కబురు చెప్పే ముందు తుమ్ముతుంది. అందుకే ల్యాబులో అందరూ తుమ్ము అనే పిలుస్తారు. పిల్ల బంగారం. చెడ్డ కబురుకి తప్ప జలుబు చేసినా తుమ్మదు.

ఇవాళ గదిలో మేమిద్దరమే. లెక్కలన్నీ పూర్తిచేసి తెచ్చింది. కూర్చుంది. తుమ్మింది.

"ఏమైంది?"

"రెండు జట్లకీ తేడా రావట్లేదు మేడమ్. మన ఆరోగ్యవంతుల్లో ఒకావిడ మొత్తం చెడగొడుతోంది. ఈవిడ మెదడులో ఆ గుసగుసల భాగాలున్నాయే, అవి గుసగుసలాడట్లేదు మేడమ్, మైకు పెట్టి అరుస్తున్నాయి."

కాగితం మీద అంకె చూపించింది. నా అంకె.

మిషన్ని పరీక్షించడానికి తీసిన బొమ్మ జట్టులోకి ఎలా వచ్చిందో నాకు తెలీదు. తీసేయమని నేను ఎవరికీ చెప్పలేదు, నిజమే. జట్టులో ఒకరు తక్కువయ్యారన్నదీ నిజమే.

"ఒక్కరి బొమ్మ చూసి ఏమీ చెప్పకూడదు," అన్నాను. "గుంపు మొత్తం సగటు తీస్తేనే ఏదైనా తెలిసేది. మొదటి పాఠంలోనే చెప్పాను నీకు."

"అది తెలుసు మేడమ్. కానీ పాపం, ఆవిడకి బాగా దిగులుగా ఉండుంటుందేమో. సిగ్గుపడి ఆరోగ్యవంతుల్లో దూరిందేమో."

"దూరడమేంటి? ఆవిడ మర్యాదస్తురాలు!"

తుమ్ము నా వైపు చూసింది. "మీకు తెలుసా మేడమ్ ఆవిడ?"

"నాకెలా తెలుస్తుంది? మన దగ్గరికి వచ్చేవాళ్ళంతా మర్యాదస్తులే అంటున్నా. అలసిపోయుంటుంది. ఇంట్లో పని, బయట పని. ఆ మాత్రం దానికి దిగులు జబ్బంటే ఎలా?"

"బహుశా తల కదిపుంటుందంటారా? అలాగైతే తీసేయొచ్చు."

"కదిపుంటుంది," అన్నాను ఆశగా.

"లేదు మేడమ్, చూశాను. రాయిలా పడుకుంది. ఇంత కదలని మనిషిని నేనింతవరకూ చూడలేదు." కాగితాలు సర్దుకుంటూ అంది. "అనుమానమొస్తే ఫోన్ చేసి ఆ ప్రశ్నలే మళ్ళీ అడగాలి కదా మన నిబంధన ప్రకారం. రేపు చేస్తాను."

ఆ నిబంధన రాసిన మహానుభావురాలెవరో!

జూన్ 25

అత్తయ్య ఫోన్ దాచేద్దామనుకున్నాను. ఆవిడ దాన్ని నడుముకి కట్టుకుని తిరుగుతుంది.

జూన్ 26, గురువారం

తుమ్ము గదిలోకి వస్తూనే తుమ్మింది. కూర్చున్నాక ఇంకోసారి.

"ఫోన్ చేశాను మేడమ్. ఎవరో పెద్దావిడ ఎత్తారు. 'ఆవిడ ఉన్నారాండీ' అన్నాను. 'ఈ ఇంట్లో ఆడవాళ్ళం ఇద్దరమే, నేను శుభ్రంగా ఉన్నా, నువ్వడిగేది మా కోడలి గురించే అయ్యుంటుంది, చెప్తా రాసుకో' అన్నారు. మీతో కాదండీ, ఆవిడతోనే మాట్లాడాలండీ అని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆవిడ మాట ఆపాలంటే ఫోన్ పెట్టెయ్యాలి. పెద్దావిడ కదా, పెట్టెయ్యలేకపోయాను."

"ఏమంది... ఏమన్నారు?"

తుమ్ము చదివింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాను.

కోడలు రాత్రుళ్ళు వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసి, అదేదో నాటకమైనట్టు నిలబడి చూస్తుందట. ఏమీ తీసుకోదట. ఇంటికొచ్చాక కారులో కూర్చుని స్టీరింగు పట్టుకుని ఎక్కడికీ పోకుండా నడుపుతుందట. ఇదివరకు వంట చేస్తూ పాడేదట. స్వరం ఘోరంగా ఉండేదిట, కానీ ఇప్పుడా ఘోరం కూడా లేకపోయేసరికి ఇంట్లో ఏదో వెలితిగా ఉందిట. పరుపుల ప్రకటనకి ఏడుస్తుందట. ఆ ప్రకటన వస్తుందేమోనని భయపడి కొడుకూ తనూ మధ్యలో చానెల్ మార్చేస్తున్నారట.

మార్చేస్తున్నారని నాకు తెలీదు. ఈమధ్య అది రావడం లేదనుకున్నాను.

"కోడలు ఏం పని చేస్తారండీ అని కూడా అడిగాను మేడమ్, పని ఒత్తిడేమోనని. 'తలకాయల పని' అన్నారు. బ్యూటీ పార్లరనుకుంటా." తుమ్ము కాగితం మడిచింది. "పాపం కదా మేడమ్. ఎవరో ఒకరు ఆవిడకి చెప్పాలి."

"చెప్పాలి," అన్నాను.

జూన్ 30

ఆవిడను జట్టులోంచి తీసేస్తే తేడా కనిపిస్తోంది. పెద్దదేం కాదు, కానీ కనిపిస్తోంది. మిషన్ మాకే ఉంటుంది. తీసేయాలంటే కారణం రాయాలి. తల కదిపిందని రాస్తే అబద్ధం. రాయకుండా తీసేస్తే దొంగతనం. ఉంచేస్తే అదింకా పెద్ద తప్పు, ఎందుకంటే పరిశోధన చేసే మనిషి తన పరిశోధనలో తనే పడుకోకూడదు. అది మొదటి సూత్రం. ఏ దారిన వెళ్ళినా చివర నేనే నిలబడి ఉన్నాను.

జూలై 1

నా మనసు:

జూలై 2, బుధవారం

చెప్పేశాను.

తుమ్ము కంప్యూటర్ ముందు బిస్కట్టు తింటోంది. వెనక నిలబడి, "ఆవిడ నేనే," అన్నాను.

తుమ్మలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

"ఏ ఆవిడ మేడమ్?"

"తలకాయల ఆవిడ."

"మీకు పార్లర్ కూడా ఉందా మేడమ్!"

అర్థమవడానికి ఒక బిస్కట్టు పట్టింది. అర్థమయ్యాక వరసగా తుమ్మింది, నీళ్ళు తెచ్చి ఇచ్చాను. రాయిలా పడుకుందన్నందుకు క్షమాపణ చెప్పింది. మైకు పెట్టి అరుస్తున్నాయన్నందుకు చెప్పింది. "వాళ్ళ కోడలి స్వరం ఘోరం" అని చదివినందుకు విడిగా ఇంకోసారి చెప్పింది. ఇక అయిపోయిందనుకుని లేవబోయాను.

"అయితే మేడమ్... మీ నిబంధన ప్రకారం ఇప్పుడు మిమ్మల్ని డాక్టరు దగ్గరికి పంపాలి."

"నాకేం లేదమ్మా. కాస్త అలసట. ఒక్కరి బొమ్మ చూసి..."

"బొమ్మ చూసి కాదు మేడమ్. ఫ్రిజ్ గురించి."

"ఆ నిబంధన రాసింది నేను!"

"అందుకే మేడమ్, మీకు నేను వివరించక్కర్లేదు," అని ఫోన్ తీసి అక్కడికక్కడే డాక్టరు సమయం అడిగింది.

అదే రోజు, ఇంట్లో

"ఎవరో ఫోన్ చేస్తే నా బతుకంతా చెప్పేశారట," అన్నాను అత్తయ్యతో.

"అడిగింది, చెప్పాను. మర్యాదగల పిల్ల. మధ్యమధ్యలో తుమ్ముతోంది, కషాయం తాగమన్నాను."

"నన్నే అడగొచ్చు కదా అత్తయ్యా?"

"అడిగితే బాగానే ఉన్నానంటావు. అయినా అడగడమెందుకు, నేను మొహం చూసి కనిపెట్టేశాగా."

"ఏం కనిపెట్టారు?"

"మలబద్ధకం," అంది అత్తయ్య ధీమాగా. "బత్తాయిలు అందుకే తెప్పిస్తున్నా. నువ్వు తినవు."

బల్ల మీద బుట్టెడు బత్తాయిలున్నాయి. ఎప్పటినుంచి ఉన్నాయో! మా ఆయన ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టాడు. నోరు తెరవమని అడగలేదు. నేనే చెప్పాను, అన్నీ. రాత్రుళ్ళు పడుకుని పైకప్పు చూస్తానని, పొద్దున లేచి ఉద్యోగానికి వెళ్ళడం ఎవరో పరాయి మనిషిని మోసుకెళ్తున్నట్టుందని. ఆయన అంతా విని, "నేను పళ్ళే చూశాను," అన్నాడు. ఆ మాట అన్న తీరుకి ఆయన మీదే జాలేసింది.

జూలై 4, శుక్రవారం

మనసు డాక్టరు కుదురుగా, సన్నగా ఉన్నాడు. వెళ్ళీ వెళ్ళగానే ఆయన కాగితం మీద మెదడు బొమ్మ గీసి, ఏ భాగానికి ఏ భాగంతో పొత్తో చాలాసేపు వివరించాను. ఆయన ఓపిగ్గా విని ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఈమధ్య దేనిమీదైనా ఆసక్తి తగ్గిందా?"

"ప్రశ్న సరిగ్గా లేదండీ. 'ఈమధ్య' అంటే ఎప్పట్నుంచని? ఎవరు రాశారిది?"

కాగితం తిప్పి చూపించాడు. కింద మా ల్యాబు ముద్ర ఉంది.

"ఊరికే ఏడుపొస్తోందా?"

"లేదండీ," అన్నాను. చీర మీద టపటపా పడుతున్నాయి.

ఆయన టిష్యూ పెట్టె ముందుకు తోశాడు. అది ఖాళీ. కంగారుపడి సొరుగులన్నీ లాగాడు. ఒక సొరుగు ఊడి చేతికొచ్చింది. చివరికి బల్ల తుడిచే గుడ్డ ఇచ్చాడు. దానికి ఫినాయిల్ వాసన. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను, నవ్వుతున్నాను కదా అని మళ్ళీ ఏడ్చాను.

జబ్బేనన్నాడు. మందులిచ్చాడు. వారంవారం వచ్చి మాట్లాడమన్నాడు. మెదడు గురించి కాకుండా.

ఆరోగ్యవంతుల జట్టుకి మనుషులు దొరకలేదని ఇన్నాళ్ళూ ఏడ్చాను. అవతలి జట్టుకి ఇంకొకరు ఎంత తేలిగ్గా దొరికారు!

జూలై 12

మందు వేసుకుంటే నోరెండిపోతోంది. తేడా ఏమీ లేదు.

జూలై 20

తేడా ఏమీ లేదు. బత్తాయి పుల్లగా ఉంది.

జూలై 29

తెల్లారి పక్షులు వినబడలేదు. ఇవాళ లేవలేదేమో. మా ఆయన అన్నాడు, అవి లేచాయట, నేనే లేవలేదట.

ఆగస్టు 21, గురువారం

మిషన్ ఎవరికివ్వాలో తేల్చే కమిటీ ముందు చెప్పే రోజు. హాలు నిండా జనం. ముందు వరసలో మోకాళ్ళాయన, చేతులు కట్టుకుని.

ఫలితాలు తుమ్ము తెర మీద వేసింది. తేడా ఉంది, కానీ సన్నగా ఉంది, జట్లు చిన్నవి, ఇంకా చాలామందిని చూస్తే గానీ గట్టిగా చెప్పలేమన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పాలని నోరు దురద పెట్టింది. చెప్పలేదు.

తెర కింద ఒక వాక్యముంది: ఒకరిని సాంకేతిక కారణాల వల్ల తొలగించాం. తుమ్ము రాసింది, నన్ను కాపాడటానికి. మోకాళ్ళాయన చెయ్యెత్తాడు.

"ఆ ఒకర్ని ఎందుకు తీసేశారో చెప్పగలరా? ఒక్కర్ని తీస్తే లెక్క మారుతున్నట్టుంది మరి."

వెనకనుంచి తుమ్ము తుమ్మడం వినబడింది. పిల్లను అబద్ధంలో నిలబెట్టి నేను పక్కకు తప్పుకోలేను కదా.

"ఆవిడ ఈ పరిశోధన చేస్తున్న మనిషేనండీ. తన పరిశోధనలో తను ఉండకూడదు. పైగా ఆరోగ్యవంతుల జట్టులో ఉండాల్సిన మనిషీ కాదు. దిగులు జబ్బుంది. అది ఆవిడకి తెలీదు. తెలీదంటే, తెలుసుకోవడం ఇష్టంలేదు." మంచినీళ్ళు తాగాను. "ఆవిడ నేనే."

ఎవరి పెన్నో కిందపడి దొర్లింది. కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాడు. మోకాళ్ళాయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, దించడం మర్చిపోయినట్టున్నాడు. మెల్లగా దించాడు.

"ఇప్పుడెలా ఉన్నారావిడ?" అని అడిగాడు.

నిజంగానే అడిగాడు. జవాబు కోసం చూస్తున్నాడు.

"ఫర్వాలేదండీ. నిద్ర పడుతోంది. మొన్న టీవీ రిమోట్ కోసం అత్తగారితో పెద్ద యుద్ధం చేసింది."

"గెలిచారా?"

"లేదండీ."

"అయితే ఇంకా పూర్తిగా తగ్గలేదు," అన్నాడు మోకాళ్ళాయన.

హాలంతా నవ్వింది. నేనూ.

మిషన్ పొద్దుటి పూట మాకు, మధ్యాహ్నం మోకాళ్ళకు అని తేల్చారు. బయటికొచ్చాక ఆయన నా పక్కనే మెట్లు దిగుతూ, తన తమ్ముడికీ ఇలాగే ఉందనీ, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో చెప్పమనీ అడిగాడు. చెప్పాను. టిష్యూలు వెంట తీసుకెళ్ళమని కూడా చెప్పాను.

ఆగస్టు 28

సాయంత్రం రిమోట్ నా చేతికొచ్చింది. అటూ ఇటూ తిప్పాను, చూడటానికేమీ లేదు. తిరిగి అత్తయ్యకే ఇచ్చేసి ఆవిడ చూసే సీరియలే చూశాను. ఘోరంగా ఉంది. పెద్దకోడలు మరిది పాలల్లో ఏదో కలిపింది, అతను గ్లాసు పెదాల దాకా తీసుకున్నాడు, అక్కడ ఆపేశారు.

"తాగడు," అంది అత్తయ్య.

"తాగుతాడు," అన్నాను నేను.

రేపు తొందరగా ఇంటికి రావాలి.